ఒక కంచు గంట, ఒక చిన్న బూటు

సెప్టెంబరు 19 దగ్గర పడితే పత్రికలకు సముద్రపు దొంగలు గుర్తొస్తారు. ఆ రోజంతా ఓడదొంగల యాసలో మాట్లాడాలని 1995లో ఇద్దరు అమెరికన్ మిత్రులు సరదాగా మొదలుపెట్టారు. ఇప్పుడది చిన్నపాటి పండుగ. ఒంటి కన్నుకు గుడ్డ, భుజమ్మీద చిలుక, కొయ్యకాలు అన్నీ బజార్లో దొరుకుతాయి, ఓడలు తప్ప.

దొంగల కథ మాత్రం పాతది. క్రీ.పూ. 75 ప్రాంతంలో సిలీషియా దొంగలు జూలియస్ సీజర్‌నే పట్టుకుని సొమ్ము గుంజారు. సైప్రస్ దగ్గర దొరికిన కిరేనియా ఓడ అడుగున ఈటె మొనలు కనిపిస్తే, దాన్ని ముంచింది దొంగలేనని తవ్వినవాళ్లు అనుమానించారు. ఆ తర్వాతి వెయ్యేళ్లనూ ఒక్క అంగలో దాటేయాల్సిందే. ఎందుకంటే దొంగలు తమకని ఓడలు కట్టుకోరు, వర్తకుల ఓడనే లాక్కుంటారు. మునిగాక ఏది దొరదో ఏది దొంగదో తేల్చడం కష్టం.

పైగా ఒడ్డున కాచుకునే దొంగలు వేరు. తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా పాత రాజులు లాక్కునేవారని, తాను సుంకం తప్ప ముట్టనని 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి అభయ శాసనంలో వర్తకులకు మాటిచ్చాడు. అమెరికాలోని కేప్ కాడ్ జనానికి అంత పట్టింపు లేదు.

1717 ఏప్రిల్ 26 రాత్రి ఆ తీరంలోనే 'విడా' మునిగింది. ఆఫ్రికాలో బానిసలను కొనే రేవు పేరే దానికి పెట్టారు. మనుషుల్ని జమైకాలో అమ్మేసి, సొమ్ముతో తిరిగి వస్తుంటే శామ్ బెల్లమీ ముఠా మూడు రోజులు తరిమి పట్టుకుంది. ఓడ పోగొట్టుకున్న కెప్టెన్‌కు బెల్లమీ తన పాత ఓడనిచ్చి సాగనంపాడు. దొంగల్లో ఇంత మర్యాదస్తుడు అరుదు. రెండు నెలలైనా తిరక్కుండానే ఈశాన్యపు గాలివాన విడాను ఇసుక దిబ్బకు కొట్టింది. అందులోంచి బతికి ఒడ్డెక్కినవాళ్లు ఇద్దరే. గవర్నరు పంపగా సొమ్ము కోసం వచ్చిన సిప్రియన్ సౌథాక్‌కు మిగిలింది శవాలే. ఒడ్డుకొచ్చిన సరుకును ఊరివాళ్లు అప్పటికే సర్దేశారు. 102 మందిని పాతిపెట్టానని ఆయన తన పటం మీదే రాసుకున్నాడు.

ఆ పటం పట్టుకునే 1984లో నిధివేటగాడు బ్యారీ క్లిఫర్డ్ ఓడ జాడ తీశాడు. నమ్మనివాళ్లు నమ్మలేదు. మరుసటి ఏడాది ఓడ పేరు, 1716 అన్న సంవత్సరం పోతపోసిన కంచు గంట బయటపడ్డాక నోళ్లు మూతపడ్డాయి. ఆఫ్రికా అకాన్ కంసాలుల బంగారు నగలు ముక్కలై దొరికాయి. వాటాల కోసమే నరికి ఉంటారని పరిశోధకుల మాట.

నన్ను పట్టుకున్నది మాత్రం బంగారం కాదు. చిన్న బూటు, పట్టు మేజోడు, అందులో కాలి ఎముక. ఎనిమిది నుంచి పదకొండేళ్ల పిల్లాడిదని 2006లో తేల్చారు. 1716లో బెల్లమీ దోచిన బొనెటా ఓడలో తల్లితో ప్రయాణిస్తున్న జాన్ కింగ్ అనే పిల్లాడు, తనను దొంగల్లో చేర్చుకోకపోతే చచ్చిపోతానని మారాం చేశాడట. బొనెటా కెప్టెన్ ఇచ్చిన వాంగ్మూలంలో ఆ సంగతి ఉంది. కాలు అతనిదేనని పరిశోధకులు భావిస్తున్నారు. అంత ఖరీదైన మేజోడుతో బయలుదేరిన పిల్లాడికి ఆ ముఠాలో ఏం కనిపించిందో!

ఇక ఇప్పటి కథకు తలా తోకా లేదు. ఇసుక, తుప్పు కలిసి రాయిలా గట్టిపడిన విడా ముద్దలను నేటికీ ఎక్స్‌రే తీసి చూసి, మెల్లగా చెక్కుతున్నారు. నిధివేటగాళ్లకు తవ్వకమేమిటని పురావస్తు పండితులు ముఖం చిట్లించినా, 1988లో కోర్టు సొత్తును క్లిఫర్డ్ పక్షానికే ఇచ్చింది. మడగాస్కర్ దగ్గర ఆయన చూపించిన, ఓడదొంగ 'కెప్టెన్ కిడ్ వెండి దిమ్మె' 95 శాతం సీసమని 2015లో యునెస్కో తేల్చేసింది. నార్త్ కరోలినా తీరంలో 1996లో దొరికిన, బ్లాక్‌బియర్డ్ అనే మరో దొంగ ఓడ గొడవ ఇంకా చిత్రం. ఆ తవ్వకాల వీడియోలను అనుమతి లేకుండా వాడుకున్నారని కెమెరామన్ రాష్ట్ర ప్రభుత్వం మీదే పైరసీ కేసు వేశాడు. కాపీరైటు చట్టం కింద రాష్ట్రాన్ని కోర్టుకీడ్చి నష్టపరిహారం అడగడం కుదరదని 2020లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది.