యిర్మీయా: తీర్పు చాటిన ప్రవక్త శ్రమలు

యిర్మీయా హెబ్రీ లేఖనాల్లోని పెద్ద ప్రవక్తల్లో ఒకడు. యెరూషలేముకు చేరువలోని అనాతోతులో యాజక కుటుంబంలో పుట్టాడు, తండ్రి హిల్కీయా. యూదా రాజు యోషీయా ఏలుబడి 13వ ఏట, సుమారు క్రీ.పూ. 627లో ప్రవచించడం మొదలుపెట్టాడు. క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోను సేన నగరాన్ని కూల్చాక కూడా ఆయన గొంతు ఆగలేదు.

దేవాలయం ఉన్నంతకాలం నగరానికి ఢోకా లేదన్న ధీమాను ఆయన ఆలయ గుమ్మంలోనే నిలబడి ఖండించాడు. అనాథలను, విధవరాండ్రను, పరదేశులను పీడించేవారిని ఆలయం కాపాడదన్నాడు. తీర్పుకు కారణం ఎంత నిర్దిష్టమైనదో 34వ అధ్యాయం చూపుతుంది. ముట్టడి కాలంలో యజమానులు ఒడంబడిక చేసి మరీ హెబ్రీ దాసులను విడిచిపెట్టారు. ఆ తర్వాత మాట తప్పి, వాళ్లనే మళ్ళీ పట్టి తెచ్చుకున్నారు. అప్పటికి బబులోను సేన నగరం దగ్గర నుంచి తాత్కాలికంగా వెనక్కి తగ్గి ఉంది.

ఇంత కఠినంగా మాట్లాడినవాడిని ఊరికే వదలలేదు. పషూరు అనే యాజకుడు కొట్టించి బొండలో వేయించాడు. ఇలాగే ప్రవచించిన ఊరియా ఐగుప్తుకు పారిపోతే యెహోయాకీము రాజు పట్టి తెప్పించి చంపించాడు; షాఫాను కొడుకు అహీకాము అండ లేకుంటే యిర్మీయాకూ అదే గతి పట్టేది. యిర్మీయా చెప్పగా ఆయన లేఖకుడు బారూకు రాసిన ప్రవచనాల చుట్టను చదువుతుంటే, యెహోయాకీము మూడు నాలుగు వరుసలకోసారి చాకుతో కోసి ఎదుటి కుంపట్లో పడేశాడు. వద్దని బతిమాలినవారిలో గెమర్యా ఒకడు. షాఫాను కొడుకు గెమర్యా పేరున్న మట్టిముద్ర 1982లో యెరూషలేము తవ్వకాల్లో బయటపడింది. అది ఈయనదేనని చాలామంది పండితుల అభిప్రాయం. కాలిపోయిన చుట్టను యిర్మీయా మళ్ళీ చెప్పి రాయించాడు, మరికొన్ని మాటలు చేర్చి.

అన్నిటికన్నా ఘోరం ముట్టడి రోజుల్లో జరిగింది. లొంగిపోతే బతుకుతారని చెప్పినందుకు అధికారులు ఆయనను నీళ్ళు లేని గోతిలోకి తాళ్ళతో దింపారు, బురదలో కూరుకుపోయాడు. సిద్కియా రాజు అడ్డుకోలేకపోయాడు. కాపాడింది స్వజనుడు కాదు, కూషు దేశస్థుడైన రాజసేవకుడు ఎబెద్మెలెకు. చంకల్లో తాళ్ళు ఒరుసుకోకుండా పాత చింకిగుడ్డలు కూడా వెతికి తెచ్చి దింపాడు. గ్రంథమంతటిలో ఇంత మెత్తని చేయి మరొకటి కనిపించదు.

తీర్పు చాటినవాడు తీర్పుకు వెలుపల నిలబడలేదన్నదే ఈ గ్రంథం బలం. నగరంతో పాటే ఆయనా ఆకలిని చూశాడు. చెరలో రోజుకొక రొట్టె మీద బతికాడు. రాబోయే నాశనానికి గుర్తుగా పెళ్ళి కూడా చేసుకోవద్దన్నది ఆయనకు అందిన ఆజ్ఞ. 11 నుంచి 20 వరకు గల అధ్యాయాల్లో చెదురుగా ఉన్న మొరల్లో దేవుణ్ణే నిలదీస్తాడు, తాను పుట్టిన రోజును శపిస్తాడు. యోబును మినహాయిస్తే ఇంత తెగువైన వాదన హెబ్రీ లేఖనాల్లో అరుదు.

నగరం పడ్డాక బబులోనీయులు ఆయనను విడుదల చేశారు. అధిపతిగా నియమితుడైన గెదల్యా హత్యకు గురవడంతో భయపడిన జనం, వద్దన్నా వినక ఆయనను ఐగుప్తులోని తహపనేసుకు తీసుకుపోయారు. బబులోను రాజు నెబుకద్నెజరు అక్కడికీ వస్తాడని ఆయన వాళ్ళ ముఖం మీదే చెప్పాడు.