పాత కంచె, క్రొత్త గోడ



కోటలను గూర్చియు దేవాలయములను గూర్చియు చరిత్రకారులు పెక్కు గ్రంథములు వ్రాసిరి. పెరటికంచెను గూర్చి వ్రాసినవారు అరుదు. పల్లెలో పుట్టి పెరిగినవానికి మాత్రము కోటగోడకంటె కంచెయే దగ్గరి చుట్టము. ఇటీవల మా యింటి పడమటి కంచె తీసివేసి గోడ పెట్టింపవలసి వచ్చినది. ఆ పనిలో నాకు తెలిసివచ్చిన కొన్ని సంగతులు, వానితోపాటు మన కంచెల పూర్వచరిత్రయు ఈ పూట మనవి చేసెదను.

మాది కడపజిల్లాలో ఒక పల్లె. మా పెరటికి పడమట నున్నది రాతి కూసములకు మూడు వరుసల ముళ్లతీగ లాగిన కంచె. అది మా తండ్రిగారు వేయించినది. కూసములు ఒరిగినవి, తీగ త్రుప్పుపట్టి తెగినది. పనివారిని పిలిపించి, తీగ యున్న చోటనే పునాది త్రవ్వుడని చెప్పితిని. గడ్డపార నేలను తాకకముందే ప్రక్కయింటి పెద్దాయన కఱ్ఱ యూనుకొని వచ్చెను. ఆయనకు ఎనుబదియేండ్లు దాటినవి. నేను ఆయనను పెదనాయనా అని పిలుతును.

“అబ్బీ, గోడ కట్టుకో, వద్దనను. అయితే ఆ తీగ ఉండేది జెముడుకంచె అంచున గాని, నడిమిన కాదు. మా నాయన చెప్పినాడు” అని ఆయన అనెను.

నేను పని ఆపించితిని. ఆయన మాటలోని చిక్కు తెలియవలెనన్న జెముడుకంచె కథ తెలియవలెను.

హద్దును కాపాడుకొనుట మనకు మిక్కిలి పాత విద్య. మనుధర్మశాస్త్రము ఎనిమిదవ అధ్యాయములో చేనికంచెకు ఒక కొలత కలదు. ఒంటె తలయెత్తినను లోపలి పైరు కనబడరాదు. కుక్కగాని పందిగాని మూతి దూర్చు సందు ఉండరాదు. ఊరి పొలిమేరలయందు మఱ్ఱి, రావి, మోదుగ, బూరుగ, తాడి మొదలగు చెట్లను నాటవలెనని ఆ గ్రంథమే చెప్పుచున్నది. చెట్లు పడిపోవచ్చును గనుక, కంటికి కనబడని గుఱుతులుగా బొగ్గులు, పెంకులు, ఊక, బూడిద, ఇటుకలు, ఇసుక భూమిలో పాతిపెట్టవలెనట. అప్పటికిని తగవు తీరనిచో సాక్షులు ఎఱ్ఱని వస్త్రములు కట్టి, పూలమాలలు దాల్చి, తలపై మన్ను పెట్టుకొని హద్దు చెప్పవలెను. ఇండ్లు, తోటలు, గట్లు మున్నగువాని తగవులు ఇరుగుపొరుగువారి సాక్ష్యముమీదనే తీర్పవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రము. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను పదమూడవ శతాబ్దమున కేతన తెలుగుపద్యములలోనికి తెచ్చెను. సీమావివాదము ఆ ధర్మశాస్త్రమునందును ఒక ప్రకరణమే. ఇన్ని గ్రంథములు చెప్పిన దొక్కటే. హద్దునకు మొదటి సాక్షి చెట్టు, రెండవ సాక్షి నేల, కడపటి సాక్షి పొరుగువాడు.

ఇక జెముడు. నాగజెముడు మన దేశపు మొక్క కాదన్నచో పలువురు నమ్మరు. దాని మట్ట పాముపడగవలె నుండుటచే మనవారు దానికి ఇంత చక్కని తెలుగుపేరు పెట్టిరి. దాని పుట్టిల్లు అమెరికా ఖండము. ఐరోపావారి ఓడలమీద ఈ జాతి మొక్కలు మనదేశమునకు చేరెను. నీరు పోయనక్కఱలేదు, మట్ట విఱిచి పాతిన చాలును; పశువు మేయదు, దొంగ దాటడు. ఇంతకంటె అగ్గువైన కంచె ఎచ్చట దొరకును? అందుచే దక్షిణదేశమంతట ఇండ్లచుట్టును దొడ్లచుట్టును అది వ్యాపించెను.

ఈ జాతి మొక్కతో కుంపిణీవారికి వేఱొక పని పడెను. మెక్సికో దేశమున ఈ మట్టలపై బ్రదికెడి కొచ్చినీలు అను చిన్న పురుగునుండి శ్రేష్ఠమైన ఎఱ్ఱరంగు తీసెడివారు. మన ఆరుద్రపురుగు వేఱు, ఇది వేఱు. ఆ రంగు వ్యాపారముపై స్పెయినువారికి గుత్తాధిపత్యము ఉండెడిది. దానిని తప్పించుటకై మద్రాసులోని జేమ్సు ఆండర్సన్ అను వైద్యుడు 1786 మొదలుకొని కుంపిణీవారిని ప్రోత్సహించి, సైదాపేట యొద్ద జెముడుతోట పెంచెను. 1795లో నీల్సన్ అను కప్తాను బ్రెజిలునుండి పురుగులను కలకత్తాకు తెచ్చెను. అయితే వచ్చినది మేలుజాతి కాదు. రంగు నాసిగా నుండెను. పైగా ఆ పురుగు ఒక రకపు జెముడును తిని, మన కంచెలలోని ముండ్లజెముడును ముట్టలేదు. రంగు వ్యాపారము చెడెను, జెముడు మిగిలెను.

మిగిలి, హద్దు మీఱెను. కంచెగా నాటినది బీళ్లలోనికి, చేలలోనికి, ఊరిబాటలలోనికి ప్రాకినది. పాములకును పందులకును అది నివాసమయ్యెను. కఱవుకాలమున ముండ్లు కాల్చి పశువులకు మేపుట, పిల్లలు ఎఱ్ఱని పండ్లు తిని నోళ్లు ఎఱ్ఱచేసికొనుట దానివలన కలిగిన మేలు. కొట్టినను కాల్చినను చావక, పడిన ప్రతి ముక్కయు వేరూనుట దానివలన కలిగిన కీడు. తుదకు 1926లో ప్రభుత్వమువారు మఱియొక జాతి కొచ్చినీలు పురుగును సింహళమునుండి తెప్పించిరి. ఈ పురుగు ముండ్లజెముడునే కోరి తినెను. మట్టలపై తెల్లని దూదివంటి పొర పట్టెను. ఆ పొర నలిపిన రక్తమువలె ఎఱ్ఱనిరసము కాఱెను. ఐదారేండ్లలో దక్షిణదేశమున జెముడుతోపులు కుళ్లి నేలగూలెను. పైరుల శత్రువును పురుగుచేత చంపించుటకు లోకమున చెప్పుకొనదగిన తొలి ఉదాహరణములలో ఇది యొకటి.

వ్యవసాయశాస్త్రజ్ఞులకు అది విజయము. కంచెలేని యింటివానికి మాత్రము అది వేఱుకథ. పొరుగువారి గొడ్లు పెరటిలోనికి వచ్చును, కూరపాదులు దక్కవు. మా తాతగారు ఏటేట రేగుకంప, తుమ్మకంప కొట్టి తెచ్చి కట్టెడివారట. చెదలు తినును, గాలివాన లేపుకొనిపోవును, మరల కట్టవలెను. ఇట్టి అవసరమునకు తోడు మఱియొక విదేశీయవృక్షము మాజిల్లాలోనే కాచుకొని యుండెను. 1877-78 ప్రాంతమున అటవీశాఖవారు వంటచెఱకు కొఱకని జమైకానుండి విత్తులు తెప్పించి కమలాపురమున నాటిన సర్కారుతుమ్మ అది. గొడ్లు దాని కాయలు తినును. విత్తులు పేడతో పడినచోటనెల్ల మొలచును. జెముడు పోయినచోట కంపచెట్టు వచ్చెను. నేడు దాని బాధ పడని చెఱువు లేదు. ఒక కంచె నుండి తప్పించుకొన్నవారము మఱియొక కంచెలో చిక్కుకొంటిమి.

తరువాతిది ముళ్లతీగ. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున గ్లిడ్డెన్ అను రైతు 1874లో దానికి పేటెంటు పొందెను. చెట్లులేని పచ్చికబయళ్లలో కొయ్యకంచెకు కలప లేదు, ముండ్లమొక్క పెరుగుటకు ఏండ్లు పట్టును. తీగ యన్ననో ఒక్కదినమున పొలమంతయు చుట్టవచ్చును. నీరు త్రాగదు, ప్రాకదు, పురుగు పట్టదు. మా తండ్రిగారు నాపరాతి కూసములు నాటించి దానినే తెచ్చిరి.

ఇపుడు పెదనాయన మాటకు వత్తము. జెముడుకంచెకు మందము కలదు. మూడు మూరలకు తక్కువ యుండదు. కంపకు రెండు మూరలు. తీగకు అంగుళమైనను లేదు. మందమైన కంచె తీసి సన్నని కంచె వేయునపుడు, నడుమ నున్న నేల ఎవరిది? జెముడు ఉన్నంతకాలము ఈ ప్రశ్నయే పుట్టలేదు. ఆ మూడు మూరలలో తొండలు తిరిగెడివి, కోళ్లు గ్రుడ్లు పెట్టెడివి, కాకరతీగ అటు ఇటు ప్రాకెడిది. ఆ నేల యిద్దరిది, ఎవ్వరిదియు గాదు. తీగ వచ్చినది, ఆ నేల యంతయు ఒకరి వైపునకు పోయినది.

నేను పెట్టె తెఱచి, ముత్తాతగారి కాలపు భాగపత్రమును తీసితిని. కాగితము మడతలయందు చినిగియున్నను అక్షరములు తెలియుచున్నవి. పడమటి హద్దు ఇట్లున్నది: ఇంటి వెనుకగోడ మొదలుకొని ఇరువది మూరలు, జెముడుకంచె నడిమివఱకు. నేనును పెదనాయనయు నిలిచి త్రాడుతో కొలిపించితిమి. ఇరువది మూరలు తీగకు ఇవతలనే ముగిసెను. తీగ మూరన్నర అవతల నుండెను. మా తండ్రిగారు కంచె నడిమిన గాక, పొరుగువారి వైపు అంచున కూసములు నాటించిరి. కావలెనని చేసిరో, కంప అడ్డుపడి అట్లు చేసిరో నేను చెప్పలేను. చెప్పుటకు వారు లేరు.

నా తమ్ముడు చట్టమెఱిగినవాడు. “ఇంకొకని నేలను పండ్రెండేండ్లు బాహాటముగా, మనదేనని అనుభవించినచో, వాడు దావా వేయనిచో, వాని హక్కు పోవును. 1963 నాటి కాలపరిమితిచట్టములో ఉన్నది. మనకు నలుబదియేండ్లు దాటినవి” అని వాడనెను. వాడన్నది తప్పు కాదు. ఆ మూరన్నరలో మా తల్లిగారు నాటిన మునగచెట్టు కూడ నున్నది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చట్టము నాపక్షము, కాగితము ఆయన పక్షము. ఇన్నేండ్లును ఆ ముసలాయన ఈ సంగతి ఎఱిగియే యుండెను. ప్రతి పండుగకు మాయింటికి వచ్చి పోవుచునే యుండెను. ఏనాడును నోరు మెదపలేదు. తీగ నేడో రేపో తెగునది, గోడ నిలుచునది. అందుచేతనే గోడ అనగానే వచ్చి ఒక్కమాట చెప్పెను. మఱునాడు కాగితము చెప్పిన ఇరువదవ మూరనే పునాది త్రవ్వించితిని. మునగచెట్టు ఆయన వైపునకు పోయినది. తమ్ముడు నాతో కొన్నాళ్లు మాటలాడలేదు.

ఈ చిన్న సంగతి ఇంత దూరము చెప్పుటకు కారణము కలదు. మన పొలములకు సర్వేనంబర్లున్నవి, రాళ్లున్నవి, పటములున్నవి. 1923 నాటి మద్రాసు సర్వే సరిహద్దుల చట్టము ఆ రాళ్లకు బలమిచ్చినది. గ్రామకంఠములోని ఇండ్లకు మాత్రము పెక్కుచోట్ల విడివిడిగా కొలతలు జరుగలేదు. ఊరంతయు ఒక్కముక్కగానే పటమున కెక్కినది. ఇంటికి ఇంటికి నడుమ హద్దు చెప్పినది కంచెయు, పెద్దల నోటిమాటయు మాత్రమే. 2020 ఏప్రిల్ 24న కేంద్రప్రభుత్వమువారు స్వామిత్వ అను పథకమును ప్రారంభించి, మనిషి యెక్కని చిన్న విమానమును, డ్రోను అందురు, ఊళ్లపై ఎగురవేసి ఇండ్లస్థలములకు పటములు తీయించుటకు పూనుకొనిరి. విమానము ఎగురుటకు ముందు హద్దుల వెంబడి సున్నముతో గీతలు గీయుదురు. ఆకాశమునుండి చూచు కంటికి తెల్లని గీత కనబడును గాని, నూఱేండ్లనాటి జెముడు నడిమి కనబడదు. తప్పుగా వేసిన తీగ వెంబడి సున్నము పోసినచో, తప్పే పటమున కెక్కును. పటము చూచి మన మనుమలు దానినే సత్యమనుకొందురు.

కావున పెద్దలకు నా మనవి యిది. పాతకంచెను పెఱుకుటకు ముందు పొరుగువానిని పిలువుడు. తీగనుండి గాక, ఇంటిగోడయో బావియో, కదలని దానినుండి కొలువుడు. పాత పత్రమును తీసి యిద్దఱును చదువుడు. కుదిరిన కొలతను కాగితముపై వ్రాసి యిద్దఱును చేవ్రాలు చేయుడు. ఊరిలో ఏ కంచె ఎచ్చట నుండెనో ఎఱిగినవారు మీరే. ఆ యెఱుక మీతో పోనీయక పిల్లలకు చూపి చెప్పుడు. కంచె చేను మేయుట సామెతలో విన్నాము. మనమెఱుగకుండ మన కంచె పొరుగువాని పెరడు మేయుచున్నదేమో ఒక్కసారి చూచుకొందము.

గోడ పూర్తియైన వారమునకు గోడపైనుండి ఒక చేయి నాలుగు మునగకాయలను అందించినది. “మీ యమ్మ నాటిన చెట్టే గదా అబ్బీ” అను మాట వినబడెను. తమ్ముడే లేచి వాటిని అందుకొనెను.