సంఘం వారి పద్దుపుస్తకం

నెల్లూరులో ఆత్మకూరు బస్సెక్కితే దారిలో పెన్న ఒడ్డున సంగం వస్తుంది. ఊరి పేరు సంగం, ఊళ్ళో ఆడవాళ్ళు పెట్టుకున్నది సంఘం. పలకడంలో తేడా ఒక్క ఒత్తే! ఆ ప్రాంతంలో ఏ ఇల్లాలినైనా “సాయంత్రం తీరికేనా?” అని అడిగి చూడండి. “యాడ తీరిక, సంఘానికి పోవాల” అంటుంది. ఆ సంఘానికి డబ్బుకన్నా ముఖ్యమైన ఆస్తి ఒకటుంది. అది అట్ట నలిగిన పద్దుపుస్తకం. బిజినెస్ మేనేజిమెంటు చదివినవారు, కంప్యూటరు నిపుణులు ఇప్పుడు పరిశోధిస్తున్నది ఇలాంటి పుస్తకాలనే.

ఒకప్పుడు పల్లెలో లెక్క రాయడమంటే కరణంగారి పని. ఏ చేను ఎవరిది, ఎవరు ఎంత శిస్తు బాకీ, అన్నీ ఆయన కవిలెకట్టలో ఉండేవి. ఆయన రాసిందే వేదం. మరి ఆడవాళ్ళ లెక్కో? గోడమీద బొగ్గుగీతలు, పోపులడబ్బాలో చిల్లర. నెల్నాళ్ళ పాలలెక్క నోటితో అప్పజెప్పే ఇల్లాలికి కూడా దాన్ని కాగితం మీద పెట్టే అవసరం ఉంటుందని ఎవరికీ తోచలేదు. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణాల వ్యవస్థను రద్దు చేసింది. కరణంగారు వెళ్ళారు సరే, కలం ఆడవాళ్ళ చేతికి రావడానికి మరికొన్నేళ్ళు పట్టింది.

అది వచ్చిన దారి చిత్రమైనది. 1990 తర్వాత నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం సాగింది. రాత్రిబడి వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. తాగుడు కాపురాన్ని ఎలా కూలుస్తుందో, ఆడవాళ్ళు ఒక్కటై సారాకొట్టును ఎలా మూయించారో అందులో చెప్పారు. ఉదయగిరి వైపు కలిగిరి దగ్గర దూబగుంటలో ఆడవాళ్ళు పాఠాన్ని పాఠంగా వదిలెయ్యలేదు, నిజంగానే చేసి చూపించారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వకుండా వేలమంది స్త్రీలు అడ్డం నిలబడ్డారు. ఉదయగిరి కోట పట్టడానికి కృష్ణదేవరాయలంతటివాడికే ఏడాదికి పైగా పట్టిందంటారు. వీళ్ళకి ఏనుగులూ లేవు, గుర్రాలూ లేవు. చీపుళ్ళు, కారప్పొడి ఉన్నాయి! 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోనూ, అదే అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

సారాకి పొయ్యే డబ్బు మిగిలితే ఏం చెయ్యాలి? ఆ ప్రశ్నలోంచి పుట్టిందే పొదుపులక్ష్మి. మనిషికి రోజుకొక రూపాయి. పదీ పదిహేను మంది ఒక చోట కూచుని, పోగైన దాన్ని అవసరమైన వారికి అప్పిస్తారు. నూటికి రెండో మూడో వడ్డీ. ఆ వడ్డీ వెళ్ళేది షావుకారు పెట్టెలోకి కాదు, మళ్ళీ సంఘంలోకే. ఎవరు ఎంత కట్టారు, ఎవరు ఎంత తీసుకున్నారు అన్నది అందరి ముందూ చదివి వినిపించి పుస్తకంలో రాస్తారు. అక్షరం రాని ఆవిడ కూడా విని, “నేను పోయిన నెల ఇరవై ఎక్కువ కట్టాను గదా!” అని నిలదియ్యగలదు. నాకు ఇందులో అసలు గొప్పతనం ఇదే అనిపిస్తుంది. రోజుకు రూపాయిదేముంది!

1992లోనే నాబార్డు దేశం మొత్తం మీద 500 సంఘాలను బ్యాంకులకు కలిపే ప్రయోగం మొదలుపెట్టింది. క్రమంగా సమావేశం, పొదుపు, అప్పు, తిరిగి చెల్లింపు, సరైన పద్దు అనే అయిదింటికీ పంచసూత్రాలని పేరొచ్చింది. పొలం కాగితాలు, నగలు అడక్కుండా బ్యాంకులు అప్పిచ్చింది ఆ పద్దు చూసే.

తర్వాత ఇంకోరకం అప్పు వచ్చింది. వారంవారం ఇంటిముందు నిలబడి వసూలు చేసే సూక్ష్మరుణ సంస్థలు. వాటి లెక్క కంపెనీ కంప్యూటర్లో. ఆడవాళ్ళ చేతికి వచ్చింది వాయిదా చీటీ మాత్రమే. ఒక అప్పు తీర్చడానికి మరో అప్పు చేసి కొందరు నలిగిపోయారు. ఆత్మహత్యల వార్తలు వచ్చాక 2010 అక్టోబరులో రాష్ట్రప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. తర్వాత నోబెల్ బహుమతి అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, మరి ఇద్దరితో కలిసి హైదరాబాదులో 104 బస్తీలను పరిశీలించి 2015లో ఫలితాలు ప్రకటించారు. ఇలాంటి అప్పులవల్ల కొందరి వ్యాపారాలు పెరిగాయి, ఇంట్లోకి సామాన్లు వచ్చాయి. కానీ ఇంట్లో ఆడవాళ్ళ మాట చెల్లడంలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పేమీ కనబడలేదట. అప్పు ఇచ్చినంత మాత్రాన పెత్తనం వస్తుందా మరి?

2015లోనే నాబార్డు ఈ-శక్తి పేరుతో సంఘాల పద్దులను కంప్యూటర్లోకి ఎక్కించడం మొదలుపెట్టింది. దీనివల్ల సౌకర్యం లేకపోలేదు. పుస్తకం చెదలు తినదు, కూడికల్లో తప్పులు తగ్గుతాయి, బ్యాంకువారు కూచున్నచోటే చూసుకోవచ్చు. సభ్యురాలి సెల్‌ఫోనుకు సందేశమూ వస్తుంది. మంచిదే. కాని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో తాము స్వయంగా వాడుకునే సెల్‌ఫోను ఉందని చెప్పిన స్త్రీలు సుమారు సగం మందే. మిగతా సగం మంది విషయంలో ఆ సందేశం ఇంట్లో ఇంకెవరి జేబులోనో మోగుతుంది. అందుకే కంప్యూటరులో ఎక్కించినా సరే, నెలనెలా అందరినీ కూచోబెట్టి పద్దు పైకి చదివే అలవాటు మాత్రం మానొద్దంటాను. చదివేటప్పుడు ఎవరో ఒకరు “ఆగు, నా లెక్క మళ్ళీ చదువు” అంటారు గదా!