జాంఘికుడు – పందెగాడు

సంస్కృతమున 'జంఘ' యనగా పిక్క. పిక్కబలముచే బ్రతుకువానికి జాంఘికుడని పేరు. అమరసింహుడు ఈ పదమును క్షత్రియవర్గమున చేర్చెను. బడిలో అమరము వల్లెవేయించిన దినములలో పిల్లలు ఈ మాటకడ నవ్వెడివారు. నేటి నా ప్రసంగమునకు మూలము ఆ మాటయే. ఏలన, దూరము పరుగెత్తుట మన దేశమున చిరకాలము వేడుక కాదు, కొలువు.

ఆ కొలువును చూచి వ్రాసినవాడు ఇబ్ను బతూతా. మన ఓరుగల్లు 1323లో ఢిల్లీసేనలకు లొంగినది. ఆ సేనలను నడపిన రాకుమారుడే పిదప ముహమ్మద్ బిన్ తుగ్లక్ అను సుల్తానయ్యెను. అతని యేలుబడిలో, 1333లో, ఈ యాత్రికుడు హిందూదేశము చేరెను. అతడు వర్ణించిన కాలిటపా వింతయైనది. మైలునకు మూడు మజిలీలు. పరుగువాని ఒకచేత ఉత్తరము, రెండవచేత రెండుమూరల కఱ్ఱ, దాని కొనకు రాగిగంటలు. ఆ సవ్వడి వినబడగానే ముందరి మజిలీవాడు నడుము బిగించి లేచును. గుఱ్ఱపుటపా కంటె ఇదియే వడిగలదని అతని మాట. సుల్తాను దౌలతాబాదున నున్నపుడు నలువది దినముల దూరమునుండి గంగాజలము సైతము ఈ కాళ్లమీదనే వచ్చెడిదట! తెలుగున దీనిని 'అంచె' యందుము. టపా పోయినను 'అంచెలంచెలుగా' అను పలుకు మన నోట మిగిలినది. గంటలను అంత చక్కగా వర్ణించిన యాత్రికుడు గంట పట్టినవాని పేరడుగలేదు.

ఇక పందెపు పరుగు. జీతమునకు గాక ముచ్చటకై పరుగెత్తువానిని ఆంగ్లేయులు 'అమెచ్యూర్' అనిరి. పేరు బాగుగనే యున్నది; కథ బాగుగ లేదు. 1866లో లండనున ఏర్పడిన అమెచ్యూర్ అథ్లెటిక్ క్లబ్బువారు చేతిపనివారిని, కూలివారిని ఆ పేరునకు తగనివారని వెలిపెట్టిరి. మన జాంఘికుడు అచ్చటికి పోయియుండిన యెడల వాకిటనే నిలిచిపోవలసినది! 1880లో ఆక్స్‌ఫర్డున పుట్టిన సంఘము ఆ నిషేధమును విడిచినది. పదునారేండ్లకు ఏథెన్సున మొదటి ఒలింపిక్ మారథాను గెలిచినవాడెవడు? స్పిరిడాన్ లూయీ, నీళ్లు మోయువాడు. 1920లో ఆంట్‌వెర్పున మన ఫడెప్ప చౌగులే మారథానును 2 గంటల 50 నిమిషములలో ముగించి 19వ వాడుగా నిలిచెను.

మా కాటారము 2016 వరకు కరీంనగరు జిల్లాలోనిది, పిదప భూపాలపల్లి జిల్లాలోనిది. కాళేశ్వరమునకు పోవు త్రోవలో నున్నది. తెల్లవారకమునుపే ఇచ్చటి యువకులు ఆ రహదారి అంచున పరుగెత్తుచుందురు. ప్రక్కనే ఇసుక లారీలు. కిలోమీటరు రాళ్లే వారికి కొలబద్దలు. ఎందులకింత శ్రమ యందురా? 2022 నాటి పోలీసు నియామకప్రకటనలో పురుషులు 1600 మీటర్లు 7 నిమిషముల 15 సెకండ్లలోను, స్త్రీలు 800 మీటర్లు 5 నిమిషముల 20 సెకండ్లలోను ముగింపవలెనని యుండెను. అనగా నేటికిని పరుగు కొలువు కొరకే. దీనిని నేను తప్పుపట్టను. కూడు లేని వేడుక ఎంతకాలము నిలుచును? అయినను ఉద్యోగము దొరకినవాడును మానుచున్నాడు, దొరకనివాడును మానుచున్నాడు. అన్నేండ్ల అభ్యాసము ఒక్క ఉదయముతో ముగియుట నాకు నష్టముగనే తోచును.

హైదరాబాదున ఏటేట ఆగస్టులో మారథాను జరుగును. వేలకొలది జనులు పరుగెత్తుదురు. ప్రవేశరుసుము, బూట్లు, బస్సుచార్జీలు కూడబెట్టుకొన్న పల్లెవాడు కూడ పోవచ్చును. కాదనువారు లేరు; కూడబెట్టుటయే కష్టము. కావున ఊరి పందెమే వానికి దిక్కు. గణతంత్రదినమునకో పండుగకో యువకులు తమలో తాము అయిదు కిలోమీటర్ల పందెము పెట్టుకొనుట పల్లెలలో కలదు. గెలిచిన ముగ్గురికి బహుమతు లిచ్చి, ఛాయాచిత్రము తీసి, ఇండ్లకు పోదురు. అట్టి పందెములు నడపువారికి నాదొక మనవి. మొదటి మువ్వురివే గాక, కడపట గీత దాటినవాని పేరును, వానికి పట్టిన కాలమును సైతము వ్రాసి యుంచుడు. బడిలో మిగిలిపోయిన హాజరుపుస్తకమైనను చాలును.