369 మార్కులకు సీటు వచ్చేదా?

ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో 1950లో ఇంజినీరింగ్ సీటు రావాలంటే ఎన్ని మార్కులు కావాలి? ఆ తరం వాళ్ల ఇళ్లలో అడిగితే తలా ఒక అంకె చెబుతారు. జ్ఞాపకాలు పక్కన పెట్టి కాగితాలు తీశాను.

మొదట చేతికి తగిలింది అందరికీ తెలిసిన కథే. మంచి మార్కులున్నా కులం వల్ల సీటు దక్కని ఒక యువతి కోర్టుకెక్కి గెలిచిందని చెప్పుకుంటారు. సుప్రీంకోర్టు తీర్పు తేదీ 1951 ఏప్రిల్ 9. అది చదివితే ఆమె కోరింది వైద్య విద్య అని తేలింది. పైగా దరఖాస్తు చేసినట్టు ఆమె అఫిడవిట్‌లో ఎక్కడా లేదు. వాకబు చేస్తే సీటు రాదని తెలిసిందని మాత్రమే ఉంది. దరఖాస్తే పెట్టకుండా కోర్టుకు రావడాన్ని తాము ఒప్పుకున్నట్టు భావించవద్దని న్యాయమూర్తులు విడిగా రాశారు. ఈ దారి వదిలేశాను.

అదే తీర్పులో ఇంకో పిటిషనర్ ఉన్నాడు. అతని సంగతి పెద్దగా ఎవరూ ఎత్తరు. అతను గిండీ ఇంజినీరింగ్ కాలేజీకి నిజంగానే దరఖాస్తు చేశాడు. 1950 మార్చిలో ఇంటర్మీడియట్ ఒకటో గ్రూపు ఫస్ట్ క్లాసులో పాసయ్యాడు. 450కి 369. సరిగ్గా 82 శాతం. జూన్ 12న పిటిషన్ వేశాడు.

ఎన్ని సీట్ల కోసం పోటీ? ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీలు నాలుగని తీర్పులో ఉంది, పేర్లు లేవు. అప్పటికి నడుస్తున్న వాటితో సరిచూస్తే గిండీ, కోయంబత్తూరు, కాకినాడ, అనంతపురం. అంటే రెండు మన వైపువే. మొత్తం సీట్లు 395. బయటి రాష్ట్రాల వారికి 21, ప్రభుత్వ విచక్షణకు 12 తీసేస్తే మిగిలినవి 362.

ఈ 362ను వర్గాల వారీగా పంచిన కమ్యూనల్ జీవో దగ్గర నేనూ కొంత తప్పుదారి పట్టాను. ఒకచోట వాటాల లెక్క ప్రతి 12కు కనిపిస్తుంది, ఇంకోచోట ప్రతి 14కు. 12 లెక్క 1927 నాటిది, ఉద్యోగాలది. 1947లో దాన్ని 14కు మార్చారు. తీర్పులో ఉన్నదీ 14 లెక్కే: బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లకూ క్రైస్తవులకూ కలిపి 1, ముస్లింలకు 1. 362ను 14తో భాగిస్తే 25 విడతలు పోగా 12 సీట్లు మిగులుతాయి.

అసలు ముడి ఇక్కడ విడింది. ఈ వాటాలు రాష్ట్రమంతటికీ ఒకే జాబితాగా లేవు. జిల్లాలను నాలుగు గుంపులు చేసి ముందు సీట్లు వాటికి పంచేవారు. ఆ తర్వాతే వర్గాల వాటా. మార్కులు చూసేది అన్నిటికన్నా చివర, ఒక గుంపులోని ఒక వర్గం వాళ్ల మధ్యే. నాలుగు గుంపులు, ఆరు వర్గాలు: ఇరవై నాలుగు జాబితాలు. కటాఫ్‌లూ అన్ని ఉండాలి. ఇళ్లలో విన్న అంకెలు ఒకదానితో ఒకటి కలవకపోవడంలో వింతేమీ లేదు.

1950 జూన్ 16 తేదీతో ఒక జీవో ఉంది. పాత నిష్పత్తినే దాదాపుగా తిరిగి చెప్పింది. గిండీ అభ్యర్థి పిటిషన్ వేసిన నాలుగో రోజు అది. కేసుకు జవాబుగా తెచ్చారా అని సందేహం రావడం సహజం. కానీ ఆ జీవో వైద్య కళాశాలలది. తేదీల వరుస తప్ప మరే ఆధారమూ లేదు. అంతకు మించి నేను చెప్పను.

మరి 369కి సీటు వచ్చేదా? అతను బ్రాహ్మణుడు. బ్రాహ్మణేతర అభ్యర్థుల్లో చాలామంది కన్నా అతని మార్కులు బాగా ఎక్కువని, ఇందులో వివాదం లేదని తీర్పు చెబుతోంది. బ్రాహ్మణుల రెండు సీట్లూ వాళ్లలోనే ఇంకా ఎక్కువ మార్కులున్న వారితో నిండిపోయాయన్నది ప్రభుత్వ వాదన. ఆ రెండింటి మట్టుకు అది నిజమే కావచ్చు, మిగతా సీట్లకు మాత్రం ఆ వాదన చెల్లదు అంది కోర్టు. అవే 369 మార్కులు ఒక జాబితాలో చాలు, మరో జాబితాలో చాలవు.

కోర్టు కమ్యూనల్ జీవోను కొట్టేసింది. కొంతవరకు ఈ తీర్పు కారణంగానే 1951 జూన్ 18న మొదటి రాజ్యాంగ సవరణ వచ్చింది. దరఖాస్తు చేసిన కుర్రాడి పేరు కేసుకు రాలేదు. న్యాయశాస్త్ర పుస్తకాల్లో ఇప్పటికీ అది దరఖాస్తు చేయని అభ్యర్థిని పేరు మీదే ఉంది.