రెండంకెల సంవత్సరం: సైబరాబాద్‌కు పునాది వేసిన మరమ్మతు పని

సైబరాబాద్ చరిత్రను 1998 నవంబర్ 22వ తేదీతో మొదలుపెట్టడం ఆనవాయితీ. ఆనాడు ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ, లార్సెన్ అండ్ టుబ్రో సంస్థ కలిసి నిర్మించిన ఆ పదంతస్తుల వర్తులాకార భవనమే హైటెక్ సిటీకి తొలి గుర్తుగా నిలిచింది. అయితే ఒక పరిశ్రమ పుట్టిన రోజు, దానికి భవనం అమరిన రోజు ఒకటి కావు. ఆ భవనంలో స్థిరపడిన వృత్తి అప్పటికే సికింద్రాబాద్‌లోని ప్రభుత్వరంగ కార్యాలయాల్లోనూ, అమీర్‌పేటలోని అద్దె గదుల్లోనూ తన పని తాను నేర్చుకుంది. ఆ పని కొత్త యంత్రాలను కనిపెట్టడం కాదు, ఇతరులు ఎన్నడో రాసిపెట్టిన ప్రోగ్రాములను చదివి, తప్పు దిద్ది, నడిచేలా చూడడం. ఆ వృత్తికి ప్రపంచం ముందు పరీక్ష పెట్టినది 2000 సంవత్సరపు తేదీ సమస్య, అంటే వైటుకె. సైబరాబాద్ చరిత్రలో ఆ మరమ్మతు పనికి దక్కవలసిన స్థానం ఇంకా దక్కలేదు.

కంప్యూటర్ల తొలినాళ్లలో సమాచారాన్ని పంచ్ కార్డుల మీద, అంటే రంధ్రాల ద్వారా అక్షరాలను, అంకెలను సూచించే అట్టల మీద నమోదు చేసేవారు. ఎక్కువగా వాడుకలో ఉన్న కార్డులో 80 నిలువు వరుసలే ఉండేవి కాబట్టి, ఖాతాదారు పేరు, సంఖ్య, మొత్తం, తేదీ అన్నీ వాటిలోనే ఇమడవలసి వచ్చేది. యంత్రపు జ్ఞాపకశక్తి కూడా అప్పట్లో ఎంతో ఖరీదైనది. అందువల్ల 1965 అనడానికి బదులు 65 అని రాయడం పొదుపైన పద్ధతిగా స్థిరపడింది. వ్యాపార లెక్కల కోసం 1959లో రూపుదిద్దుకున్న కోబాల్ భాషలో రాసిన బ్యాంకు, బీమా, పింఛను ప్రోగ్రాములలో ఈ పద్ధతే కొనసాగింది. 1935లో పుట్టిన వ్యక్తి వయసును 1999లో లెక్కించే యంత్రం 99లో నుంచి 35 తీసి 64 అని సరిగ్గానే చెప్పేది. మరుసటి ఏడు అదే యంత్రం సున్నాలో నుంచి 35 తీసివేయవలసి వస్తుంది. వడ్డీ, బీమా గడువు, సరుకు నిల్వ కాలం వంటి లెక్కలన్నింటికీ ఇదే ప్రమాదం పొంచి ఉంది. దీనికి తోడు 1900 లీపు సంవత్సరం కాదు, 400తో భాగించబడే 2000 మాత్రం లీపు సంవత్సరం; ఈ తేడా తెలియని ప్రోగ్రాములు ఫిబ్రవరి 29ని గుర్తించలేవు.

కాలాన్ని కురచగా రాసుకోవడంలోని చిక్కు తెలుగువారికి కొత్తదేమీ కాదు. ప్రభవ మొదలు అక్షయ వరకు సాగే 60 పేర్ల వలయంలో ప్రతి పేరూ అరవయ్యేళ్లకోసారి తిరిగి వస్తుంది. 2000 జనవరి 1 నాటికి నడుస్తున్న ప్రమాది సంవత్సరం అంతకుముందు 1939లోనూ ఉగాదితో మొదలైంది. ఈ సందిగ్ధతను ఎరిగినందువల్లనే శాసనాలు రాయించినవారు సంవత్సరం పేరుతో పాటు శకవర్షపు సంఖ్యను కూడా తరచుగా చెక్కించారు. ఆ సంఖ్య లేని శాసనానికి కాలం నిర్ణయించడానికి పండితులు రాజు పేరును, లిపి తీరును, తిథివారాలను పరిశీలించవలసి వస్తుంది. వైటుకె పనిలో ప్రోగ్రామర్లు చేసినదీ అటువంటి పరిశీలనే: రెండంకెల తేదీ ఏ శతాబ్దానికి చెందినదో దాని పరిసరాలను బట్టి తేల్చడం.

ఈ పనికి హైదరాబాద్ తగిన చోటు కావడానికి మూడు దశాబ్దాల పూర్వరంగం ఉంది. 1967లో డాక్టర్ అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో అణుశక్తి శాఖ ఇక్కడ ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాను, అంటే ఈసీఐఎల్‌ను నెలకొల్పింది. భాభా అణు పరిశోధన కేంద్రం రూపకల్పన చేసిన టీడీసీ-12 అనే కంప్యూటర్ 1969లో ఈ సంస్థ నుంచే వెలువడింది. 1978లో ఐబీఎం సంస్థ, విదేశీ వాటాలను పరిమితం చేసే చట్టానికి ఒప్పుకోక భారతదేశాన్ని విడిచి వెళ్లినప్పుడు, దేశమంతటా అది వదిలివెళ్లిన యంత్రాల సంరక్షణ బాధ్యత 1975లో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ సీఎంసీకి దక్కింది. ఆ సంస్థ తొలి పేరే కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్. తయారీదారు దగ్గర లేని పరిస్థితిలో, విడిభాగాలు దొరకని పరిస్థితిలో, పలు కంపెనీల యంత్రాలను ఏళ్ల తరబడి నడిపించవలసి రావడం వల్ల, ఇతరులు నిర్మించినదాన్ని లోపలినుంచి అర్థం చేసుకునే నైపుణ్యం ఆ ఇంజినీర్లకు అలవడింది.

సీఎంసీ తన పరిశోధన, అభివృద్ధి కేంద్రాన్ని సికింద్రాబాద్‌లో ఏర్పరచుకోవడంతో ఆ నైపుణ్యం ఈ నగరంలో వేళ్లూనుకుంది. 1980ల మధ్యలో ఢిల్లీలో మొదలైన రైల్వే కంప్యూటర్ రిజర్వేషన్ విధానాన్ని తీర్చిదిద్దింది ఈ సంస్థే. వేర్వేరు నగరాల రిజర్వేషన్ వ్యవస్థలను ఒకదానితో ఒకటి కలిపేందుకు రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం రూపొందించిన కొత్త ప్రోగ్రాము 1994లో తొలిసారిగా అమలైనది కూడా సికింద్రాబాద్‌లోనే. అంతవరకు పెద్ద పెద్ద రిజిస్టర్లలో పేర్లు వెతికించుకుని బెర్తు సంపాదించుకున్న సామాన్య ప్రయాణికుడికి కంప్యూటర్ అనే వస్తువు రోజువారీ జీవితంలో ఎదురైనది ఆ టికెట్ కౌంటర్ల దగ్గరే. హైటెక్ సిటీ అనే పేరు పుట్టడానికి ముందే జంట నగరాల ప్రజలకు అది పరిచితమైపోయింది.

ప్రైవేటు రంగంలో 1987లో సత్యం కంప్యూటర్ సర్వీసెస్ మొదలైంది. 1991లో కేంద్ర ప్రభుత్వం సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థను నెలకొల్పి, ఎగుమతి కంపెనీలకు పన్ను రాయితీలతో పాటు ఉపగ్రహ సంబంధాన్ని అందుబాటులోకి తెచ్చింది. హైదరాబాద్‌లో ఆ పార్కు అమీర్‌పేటలోని మైత్రీవనం భవనంలో వెలిసింది. ఉపగ్రహ సంబంధం వల్ల ఇంజినీర్లు విమానమెక్కకుండానే అమెరికాలోని యంత్రం మీద పనిచేయగలిగారు. అమెరికా తూర్పు తీరానికి, హైదరాబాద్‌కు మధ్య ఉన్న తొమ్మిదిన్నర నుంచి పదిన్నర గంటల తేడా కూడా కలిసివచ్చింది. అక్కడి కార్యాలయం మూతపడిన రాత్రివేళ యంత్రం ఖాళీగా ఉంటే, ఆ సమయం ఇక్కడ పనివేళగా మారింది.

వైటుకె పని స్వభావాన్ని తెలుసుకుంటే గాని దాని చారిత్రక ప్రాధాన్యం బోధపడదు. మొదట సంస్థలో వాడుకలో ఉన్న ప్రోగ్రాములన్నింటి జాబితా తయారుచేయాలి. వాటిలో కొన్నింటికి సోర్స్ కోడ్, అంటే మనుషులు చదవగలిగే మూలపాఠం, ఎప్పుడో పోయి ఉండేది. తర్వాత లక్షలాది పంక్తులలో తేదీ ఎక్కడెక్కడ దాగి ఉందో వెతకాలి. రాసినవారు దానికి తేదీ అనే పేరే పెట్టి ఉంటారన్న భరోసా లేదు. దొరికిన చోట రెండు మార్గాలు ఉండేవి. రెండంకెల స్థానాన్ని నాలుగంకెలకు పెంచడం శాశ్వత పరిష్కారమే గాని, దానితో దస్త్రాలన్నింటినీ మార్చవలసి వచ్చేది. 00 నుంచి 29 వరకు ఉన్నవి 2000 తర్వాతివని, 30 నుంచి 99 వరకు ఉన్నవి 1900ల నాటివని నియమం పెట్టుకోవడం రెండవ మార్గం. ఇది చౌక, అయితే చిక్కును కొన్ని దశాబ్దాలు వాయిదా వేస్తుందే తప్ప తొలగించదు. ఏ మార్గం పట్టినా చివరికి యంత్రపు గడియారాన్ని ముందుకు జరిపి ప్రతి లెక్కనూ పరీక్షించడానికే అన్నింటికన్నా ఎక్కువ శ్రమ పట్టేది. పాశ్చాత్య దేశాలలో కోబాల్ ఎరిగిన తరం పదవీ విరమణకు చేరువవుతుండగా, అక్కడి యువతరానికి ఆ పాత భాష మీద ఆసక్తి లేకపోవడంతో, గడువు మార్చడానికి వీల్లేని ఈ పనికి మనుషుల కొరత ఏర్పడింది.

ఆ కొరతను తీర్చడానికి అమీర్‌పేట ఒక విద్యావ్యవస్థనే సృష్టించుకుంది. మైత్రీవనం చుట్టుపక్కల వీధుల్లో వెలసిన శిక్షణ సంస్థలు మెయిన్‌ఫ్రేమ్‌ను, అంటే పెద్ద సంస్థలు వాడే కేంద్రీయ కంప్యూటర్‌ను, దానికి అవసరమైన కోబాల్, జేసీఎల్, డీబీ2 వంటి విద్యలను కొద్ది నెలల్లో నేర్పేవి. ఇంజినీరింగ్ పట్టభద్రులే గాక ఇతర శాస్త్రాలు చదివినవారూ ఆ తరగతులకు వచ్చేవారు. వారిని విదేశాలకు పంపే ఏజెన్సీలు బాడీ షాపింగ్ అనే పద్ధతిని నడిపేవి. ఏజెన్సీ ఉద్యోగిగా నమోదై, పని ఉన్న చోటికి అద్దెకు వెళ్లి, లేనప్పుడు బెంచ్ మీద, అంటే పని కోసం ఎదురుచూస్తూ ఉండడం అందులోని క్రమం. హైదరాబాద్‌లోనూ, ఆస్ట్రేలియాలోని సిడ్నీలోనూ తెలుగు ఐటీ ఉద్యోగుల మధ్య పరిశోధన చేసిన చైనా మానవశాస్త్రవేత్త షియాంగ్ బియావ్, 2007లో వెలువరించిన గ్రంథంలో ఈ పద్ధతిని వివరంగా నమోదు చేశారు. వ్యవసాయపు మిగులు, కుటుంబ పొదుపు, చివరికి వరకట్నం కూడా ఈ ప్రయాణాలకు పెట్టుబడిగా మారిన తీరును ఆయన పరిశీలన చూపిస్తుంది. కాబట్టి అమెరికా బ్యాంకు తేదీలను దిద్దడానికి అయిన ఖర్చులో కొంత భాగాన్ని, లెక్కల్లోకి ఎక్కని రీతిలో, తెలుగు ఆడపిల్లల తల్లిదండ్రులు భరించారని చెప్పడం సత్యదూరం కాదు.

వలసకు తలుపు తెరిచినది అమెరికా చట్టం. ప్రత్యేక నైపుణ్యం గలవారికి తాత్కాలికంగా ఇచ్చే హెచ్-1బి వీసాల వార్షిక పరిమితి 1990 నాటి చట్టం ప్రకారం 65,000; 1998లో చేసిన మార్పుతో 1999, 2000 ఆర్థిక సంవత్సరాలకు అది 1,15,000కు, ఆ తర్వాత మూడేళ్లకు మరో చట్టంతో 1,95,000కు పెరిగింది. ఉస్మాన్‌సాగర్ సమీపంలోని చిలుకూరు బాలాజీ ఆలయానికి వీసా బాలాజీ అనే పేరు స్థిరపడినది ఈ వలసల ఫలితంగానే. కోరిక కోరేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరిన తర్వాత 108 ప్రదక్షిణలు చేసే అక్కడి ఆచారంలో ఒక పరిశ్రమ ఆశలు, ఆందోళనలు రెండూ చేరాయి.

గడువు తేదీకి పదమూడు నెలల ముందు సైబర్ టవర్స్ తెరుచుకుంది. అదే ఏడాది గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ ఏర్పడింది, మైక్రోసాఫ్ట్ తన అభివృద్ధి కేంద్రానికి హైదరాబాద్‌ను ఎంచుకుంది. అప్పటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడి ప్రభుత్వం చూపిన చొరవకు ఇందులో న్యాయమైన వాటా ఉంది. 2001లో మాదాపూర్, గచ్చిబౌలి పరిసరాలలోని 52 చదరపు కిలోమీటర్లకు సైబరాబాద్ అభివృద్ధి సంస్థ కూడా ఏర్పడింది. కాని ఆ రాళ్లగుట్టల నేలను ఎంచుకున్న కంపెనీలకు అవసరమైన మనుషులను, పేరును సంపాదించి పెట్టినది అంతకుముందే మొదలైన మరమ్మతు పని. తేదీలు దిద్దడానికి తమ లెక్కల పుస్తకాలన్నీ అప్పగించిన విదేశీ సంస్థలకు, ఆ తర్వాత తమ రోజువారీ నిర్వహణను కూడా అదే చేతుల్లో పెట్టడానికి సంకోచం మిగలలేదు.

2000 జనవరి 1న ప్రపంచం మామూలుగానే తెల్లవారింది. వాషింగ్టన్‌లోని నౌకాదళ ఖగోళశాల వెబ్‌సైట్ సంవత్సరాన్ని 19100గా చూపింది. 1900 తర్వాత గడిచిన వంద ఏళ్లను 19 పక్కన చేర్చడం వల్ల వచ్చిన తప్పు అది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ ఆసుపత్రిలో వయసు లెక్క తప్పి, 150 మందికి పైగా గర్భిణులకు డౌన్ సిండ్రోమ్ పరీక్షలో తప్పుడు ఫలితాలు అందాయి. పెద్ద విపత్తు ఏదీ జరగకపోవడంతో, అసలు సమస్యే కల్పితమన్న మాట బలంగా వినిపించింది. తక్కువ ఖర్చు చేసిన ఇటలీ వంటి దేశాలకు కూడా ఏమీ కాలేదన్నది ఆ వాదానికి ఆధారం. భయాన్ని అమ్ముకున్నవారు ఉన్నారనడంలో సందేహం లేదు. అయితే ఆ దేశాలు పాత మెయిన్‌ఫ్రేమ్ ప్రోగ్రాముల మీద అమెరికా అంతగా ఆధారపడి లేవు, పైగా ఇతరుల ఖర్చుతో అప్పటికే సరిచేసిన సాఫ్ట్‌వేర్‌ను అవి వాడుకున్నాయి. ఒక్క ఆసుపత్రిలో దిద్దని ఒక్క ప్రోగ్రాము ఎంత హాని చేసిందో షెఫీల్డ్ చూపించింది. దిద్దిన ప్రోగ్రాముల విలువను ఆ కొలతతోనే అంచనా వేయాలి.

2001 తర్వాత అమెరికాలో ఇంటర్నెట్ కంపెనీల పతనంతో ఎందరో తెలుగు యువకులు ఉద్యోగాలు కోల్పోయి తిరిగివచ్చారు. అమీర్‌పేట కోబాల్ బోర్డులను దింపి జావా, ఒరాకిల్, శాప్ బోర్డులను ఎక్కించింది. అయినా సైబరాబాద్‌లో జరిగే పనిలో పెద్ద భాగం నిర్వహణగానే కొనసాగింది. ఈ పనిని చిన్నచూపు చూసే అలవాటు బయటా ఉంది, లోపలా ఉంది: విమర్శకులు వీరిని సైబర్ కూలీలన్నారు, ఉద్యోగులు కూడా తమకు సపోర్ట్ ప్రాజెక్టు, అంటే నిర్వహణ పని, పడితే చిన్నబోయారు. సొంత ఉత్పత్తులు లేకపోవడం నిజమైన లోటే. కాని నిర్మించినదాన్ని నిలబెట్టడం నిర్మించడం కన్నా తక్కువ విద్య కాదని 2020 ఏప్రిల్‌లో న్యూజెర్సీ రాష్ట్రం నిరూపించింది. కరోనా కాలంలో నిరుద్యోగ భృతి వ్యవస్థ మీద భారం పెరిగినప్పుడు, కోబాల్ తెలిసినవారు సాయానికి రావాలని ఆ రాష్ట్ర గవర్నరే కోరవలసి వచ్చింది.

ఇటువంటి గడువు మరొకటి రానున్నది. 1970 జనవరి 1 నుంచి సెకన్లను 32 ద్వ్యంకాలలో, అంటే సున్నా, ఒకటి అనే గుర్తులు 32 పట్టే స్థలంలో, లెక్కించే పాత వ్యవస్థలకు 2038 జనవరి 19న, భారత కాలమానం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు ఆ స్థలం నిండిపోతుంది. వైటుకె పని చేసిన తరం నేడు పదవీ విరమణ వయసుకు చేరువవుతున్నది. వారి పని పద్ధతులను, శిక్షణ నోట్సును, అనుభవాలను హైదరాబాద్‌లోని విశ్వవిద్యాలయాలు, ట్రిపుల్ ఐటీ, పరిశ్రమ సంఘాలు ఇప్పుడే సేకరించి భద్రపరచాలి. భవనాల ప్రారంభోత్సవ ఫలకాల మీద ఎక్కని ఆ పనివారి చరిత్రే సైబరాబాద్ అసలు చరిత్ర. దానిని రాసుకోవలసిన బాధ్యత తెలుగువారిదే.