మండువకు గోడలు ఎందుకు లేవు?



మా తమ్ముని కొడుకు ఇంగ్లాండ్ల చదువుకుంటున్నడు. మొన్న అక్కడి ఒక పల్లెటూరి పబ్బు ఫోటో పంపిండు. వందల ఏండ్ల కిందటి కట్టడమట. లావు గోడలు, ఓక్ దూలాలు, చలి కాగేటందుకు ఇంత పెద్ద పొయ్యి, కింద నేలమాళిగల బీరు పీపాలు. దుకాణం ముంగట బొమ్మ బోర్డు పెట్టాలని 1393లనే వాళ్ల రాజు రెండో రిచర్డ్ హుకుం చేసిండట. "మనకు ఇసొంటి పాతయి ఎందుకు లేవు పెద్దనాయినా?" అని అడిగిండు.

మనకు మండువ ఉండె. బీరు పీపాల వారాలు నిలువుంటది, దానికి సల్లటి మాళిగ కావాలె, తాళం కావాలె. కల్లు అట్ల కాదు. పొద్దున దించింది పొద్దుమీకేసరికి పులుస్తది, తెల్లారితే నోట్ల పెట్టలేం. అందుకే మనిషే చెట్టు కాడికి పోవాలె. అక్కడ కావాల్సింది నీడ ఒక్కటే.

ఆ నీడ కూడా చెట్టుదే. తాటి మొద్దు చీరి దూలం, పైన తాటాకు కప్పు, కట్టేటందుకు తాటి నార, కూసునేటందుకు ఈతాకు సాప. తాగే రేక కూడా తాటాకుదే. చూరు ఎంత కిందికి ఉండేదంటే వంగి పోవాల్సిందే, ఎండ మాత్రం లోపలికి రాకపోయేది. రెండు మూడేండ్లకు ఆకు మారిస్తే మళ్ల కొత్త మండువ. ఇగ పాతది ఎట్ల మిగులుతది? అంతా మంచే అని నేను అంటలేను. మండువల గూడ కులానికో జాగ ఉండేదని మా తాత చెప్పేటోడు.

గోడలు సర్కారు లెక్కలతోని వచ్చినయని నా అనుకోలు. నిజాం జమానల ఆబ్కారీ పెద్ద ఆమ్దాని. గుత్తలు పాటకు పెట్టేటోళ్లు. ఫసలీ 1316ల, అంటే 1906-07ల, హైదరాబాద్ ఆబ్కారీ చట్టం వచ్చింది. చెట్టుకు పన్ను, దుకాణానికి లైసెన్సు. పైసలు లెక్కవెట్టాలంటే ఒక్కటే గేటు ఉండాలె, సుట్టూ గోడ ఉండాలె. అదే మన కల్లు కాంపౌండు.

మన దిక్కు చూడుండ్రి. 1972ల పటాన్‌చెరుకు ఇక్రిశాట్ వచ్చింది. తర్వాత పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీలు, ఇప్పుడు వెంచర్లు. గెట్ల మీది ఈత చెట్లు జేసీబీలకు పోయినయి. తాగేటోళ్లు పెరిగిన్రు, చెట్లు తగ్గినయి. మరి కాంపౌండులకు అంత కల్లు ఏడికెళ్లి వస్తది? డైజోపాం, క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం కలిపిన కేసులు పేపర్ల చూస్తనే ఉన్నం. హైదరాబాద్‌ల 2004ల దుకాణాలు మూసిన్రు, 2014ల మళ్ల తెరిచిన్రు. మండువల కూసున్నోనికి గౌడన్న మోకు ఏసుకొని ఎక్కేది, లొట్టి దించేది కండ్ల ముంగటనే కనవడేది. రేకుల షెడ్డు కింద కూసుంటే సీసా ఒక్కటే కనవడ్తది. గీసే గౌడన్నను నేను ఏమంటలేను, చెట్టు లేకుంటే ఆయన బతుకే ముందుగాల పోయింది.

నా గెట్టు మీద ఇంకా పదకొండు ఈత చెట్లున్నయి. ప్లాట్లోళ్లు రెండుసార్లు అడిగి పోయిన్రు.

మీ ఊర్ల ఆకు మండువ ఉంటే ఫోటో పెట్టుండ్రి, పిలగానికి పంపుత. రేకులది వద్దు.